దీపము తగ్గినమాట నిజమా?

దొంగతనమనగా నొకరి సొత్తును వారి యనుమతి లేక హరించుట యని యెల్లరు నెరుగుదురు. సొమ్ము పోయినవాడు పోయినదని గుర్తించును, గుర్తించి కేకవేయును, కేక విని పొరుగువారు వత్తురు. కాని హరింపబడినది యా గుర్తించు శక్తియే యైనచో, పోగొట్టుకొన్నవారు ఎవరితో మొరపెట్టుకొందురు? ఏమి పోయినదని చెప్పుకొందురు? ఒక మనిషికి తన కన్నులయందును, చెవులయందును, జ్ఞాపకమునందును గల నమ్మికను మరియొకడు కొంచెము కొంచెముగ తవ్వి తీసికొనుచున్నప్పుడు ఆ పనికి నేరమని పేరు పెట్టవచ్చునా? పెట్టినచో, అది ఏ తరగతి నేరము? మరి యట్లు చేయువాడు పెండ్లాడిన మగడే యైనప్పుడో?

చలనచిత్రమన్న మొగము చిట్లించు పెద్దలు మా చదువరులలో కొందరుండవచ్చును. వారికి విన్నపము చేసికొని, ఈ విచారమునకు ఒక చలనచిత్రమునే యాధారముగ గైకొనుచున్నాము. ఏలయన, ఈ నేరమునకు నేడు లోకము వాడుకొనుచున్న పేరు ఆ కథ నుండియే పుట్టినది. అమెరికాలో మెట్రో గోల్డ్విన్ మేయరు కంపెనీవారు 1944లో వెలువరించిన ‘గ్యాస్‌లైట్’ అను నేరకథాచిత్రము అది. జార్జి క్యూకర్ దర్శకుడు. భార్యగ ఇంగ్రిడ్ బెర్గ్‌మన్, భర్తగ చార్లెస్ బోయర్ నటించిరి. బెర్గ్‌మన్‌కు ఉత్తమనటిగ ఆస్కారు బహుమాన మీ చిత్రమువలననే లభించినది. మూలము ప్యాట్రిక్ హామిల్టన్ అను ఆంగ్లరచయిత 1938లో వ్రాసిన నాటకము. ఇంగ్లండువారు 1940లోనే దానినొక చిత్రముగ తీసియుండిరి. అమెరికా కంపెనీ హక్కులు కొన్న పిమ్మట ఆ తొలిచిత్రపు ప్రతులను రూపుమాపుటకు యత్నించెనని చెప్పుదురు. ఉన్నదానిని లేదనిపించుటను గూర్చిన కథకు ఇట్టి చరిత్ర తగులుట విచిత్రమే.

కథ విక్టోరియా రాణి కాలపు లండను నగరమున జరుగును. ఆలిస్ ఆల్‌క్విస్ట్ అను ప్రసిద్ధగాయని తన యింటనే హత్యచేయబడును, హంతకుడు చిక్కడు. ఆమె చేతులలో పెరిగిన పౌలా యను బాలికను ఇటలీకి పంపివేయుదురు. అక్కడ సంగీతము నేర్చుకొనుచు, ఏండ్లు గడచిన పిమ్మట, పియానో వాయించు గ్రెగరీ యనువానిని రెండు వారముల పరిచయముతోనే ఆమె వరించును. అతడే తన పెంపుడుతల్లిని చంపినవాడని ఆ పిల్ల యెరుగదు. చంపిన రాత్రి చేజిక్కని రత్నములకై ఆ యింటనే కాపురముండవలెనని అతని పన్నుగడ, ఇల్లు పౌలాది. రాత్రులందు పనిమీద పోవుచున్నానని బయలుదేరి, ఖాళీగా పడియున్న వేరొక యింటి మీదుగ కప్పులు దాటి, తన యింటి అటకమీదికే దిగి, చచ్చినయామె సామానులను వెదకుచుండును. అటకమీద దీపము వెలిగించినప్పుడు, ఒకే గొట్టమునుండి వచ్చు గ్యాసు పంచుకొనబడి, క్రింద భార్యగదిలోని దీపము మందగించును. ఆమె చూచును. నెత్తిపై అడుగుల చప్పుడు వినును. కాని ఇంట మరెవ్వరును దీపము ముట్టియుండరు. అటకకు పోవు దారి మూసివేయబడియుండును. కనుక తప్పు దీపమునందు లేదు, తన కన్నులయందే యున్నదని ఆమె నమ్మవలసివచ్చును. ఆ నమ్మికయే అతనికి కావలసినది. ఆమె పిచ్చిదని లోకమొప్పినచో ఆసుపత్రికి పంపి, ఇల్లంతయు తానే తీరికగ వెదకుకొనవచ్చును.

ఇది చదువగనే మనవారికి పంచతంత్రములోని బ్రాహ్మణుడు స్మరణకు రాకమానడు. మేకను భుజమున మోసికొని పోవుచుండగా ముగ్గురు ధూర్తులు వేర్వేరు తావుల నెదురై, అయ్యా కుక్కను మోయుచున్నా వేమని యడిగిరి. మూడవవాని మాటతో ఆయన మేకను పారవైచి పోయెను. చిన్ననాడు నవ్వుకొన్న కథ యిది. ఇందు మేము గమనింపగోరున దొక్కటి: ఆ ధూర్తులు ముగ్గురు కావలసివచ్చిరి. త్రోవన పోవు ఒక్కని మాటకు అంత బరువు లేదు కనుక ముగ్గురు చేరి ఆ బరువును కూర్చుకొనిరి. భర్తకు రెండవవాని సహాయ మక్కరలేదు. ఆయన యొక్కని నోటనే మువ్వురి బలమున్నది; ఆ బలమును అతనికి కట్టబెట్టినది ఆమె ప్రేమయు, లోకాచారమును. అదిగాక బ్రాహ్మణునకు పోయినది మేక. ఇంటికిపోయి కాళ్లు కడుగుకొన్న పిదప ఆయన తన కన్నులతోనే లోకమును చూచుకొనును. ఈ యిల్లాలికి పోవునవి కన్నులే.

గ్రెగరీ పనిచేయు తీరు మిక్కిలి చదువదగినది. అతడు చేయి యెత్తడు. కేకలు వేయుటయు నరుదు. లండను దుర్గమును చూడబోవుచు, తన తల్లినాటి దని చెప్పి యొక పతకమును ఆమె కిచ్చును. ఇచ్చుచునే, నీవు వస్తువులు పోగొట్టుకొను స్వభావము గలదానవు సుమా యని మందలించి, దానిని తానే యామె సంచిలో వేసినట్లు చేయును. తనకట్టి స్వభావ మున్నదని ఆమె యంతకుముందు ఎరుగదు. దుర్గము చేరి చూడగా పతకము లేదు. అతడు కోపింపడు, క్షమించును! ఈ క్షమయే విషము. చేయని తప్పునకు క్షమింపబడినవారు, క్షమతోబాటు తప్పును గూడ స్వీకరింతురు. కోపించినచో ఎదురాడవచ్చును, జాలిపడువానితో నెట్లు వాదింతుము?

మరియొకనాడు గోడకున్న చిన్నపటము మాయమగును. అతడు వంటమనిషిని, దాసిపిల్లను పిలిపించి, భార్య యెదుటనే వారిచేత బైబిలు ముట్టించి ప్రమాణము చేయించును. పిమ్మట పటమును వెదకి తెమ్మని భార్యను పంపును. ఆమె పోయి తెచ్చును. చూచితివా, ఎక్కడ నున్నదో నీకు తెలియునే యనును. ఇంతకుముందు రెండుమారులు అక్కడనే దొరకినది గనుక అక్కడ చూచితినని ఆమె విన్నవించుకొనును. ఎంత సక్రమమైన హేతువు! తర్కము నేర్చినవాడైన అంతకంటె బాగుగ చెప్పలేడు. ఆ హేతువే ఆమె నేరమునకు రుజువై కూర్చుండును. పిచ్చిదని ముద్రవేసిన పిదప బుద్ధిమంతమైన మాటయు పిచ్చికి సాక్ష్యమే. ఏడ్చినను, ఊరకున్నను అంతియే. తీర్పు ముందు, విచారణ తరువాత.

ఇందు పౌలా లోపమేమి? మంచిగుణములని మనము ఆడపిల్లలకు నూరిపోయునవి యన్నియు ఆమెయందున్నవి. తన తప్పేమో యని ముందుగ తన్ను తాను శంకించుకొనును. పెనిమిటి మాటను తన మాటకంటె పైన నుంచును. ఇంటిగుట్టు బయటపెట్టదు. వినయము గొప్పగుణమనుటలో మాకు సంశయము లేదు. కాని ఒకరి పక్షముననే విధింపబడి, రెండవవారికి మినహాయింపబడిన వినయము గుణము కాదు, పనిముట్టు. అది ఎవరి చేతికి చిక్కునో వారి బుద్ధినిబట్టి పనిచేయును. మంచివాని చేత చిక్కిన కాపురము సుఖముగ సాగును. గ్రెగరీ చేత చిక్కిన ఇది కథ యగును. జాన్ స్టూవర్టు మిల్లు 1869లో స్త్రీల పారతంత్ర్యమును గూర్చి వ్రాసిన గ్రంథమున, పురుషులు స్త్రీలనుండి కోరునది విధేయత మాత్రమే కాదనియు, వారి మనస్సులనే తమకు లోబరచుకొనగోరుదురనియు చెప్పెను. బంటు చేతులు పనిచేసిన చాలునని యజమాను డూరకుండును. ఇక్కడ మనస్సే చేతులు కట్టుకొని నిలువవలెను.

ఇంతదూరము చిత్రమును మెచ్చిన పిమ్మట, దానితో మాకుగల భేదమును చెప్పక తప్పదు. చిత్రకర్తలు గ్రెగరీకి రత్నములపై నాశ కల్పించిరి. వాడు హంతకుడని చూపిరి. ఇది ప్రేక్షకున కెంత యుపశమనము! ఓహో, దొంగ గనుక ఇట్లు చేసెను, మా యింట అటకమీద రత్నములు లేవు గనుక మాకీ బాధ లేదని అతడు హాయిగ ఇంటికి పోవును. కాని రత్నములను కథనుండి తీసివేసి చూడుడు. భార్యను బంధువుల యింటికి పోనీయని భర్త, ఆమె చెప్పిన ప్రతి సంగతికిని “అట్లు జరుగలేదు, నీకు మతిలేదు” అను భర్త, నలుగురిలో నామె మరపును హాస్యముచేసి, లోపలికి వచ్చిన పిదప నేనట్లననే లేదను భర్త, అటకమీద దేనికై వెదకుచున్నాడు? దేనికిని కాదు. అతనికి కావలసిన రత్నము ఆమె లొంగుబాటే. ఇట్టివాడు తనకు తాను హంతకుడుగ తోచడు. మంచి గృహస్థుడనియే అనుకొనును. కొన్ని యెడల తన మాటను తానే నమ్మియుండును. మా దృష్టిలో కథలోని గ్రెగరీకంటె రత్నములు లేని యీ గ్రెగరీయే కఠినమైన సమస్య. కథలోని వాని పని రత్నములు దొరకిన ముగియును; వీని పనికి ముగింపు లేదు.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ రాగలదు. నిజముగనే మరచిపోవు భార్య యుండదా? మరపును చెప్పిన భర్త యెల్ల ధూర్తుడేనా? ఆలుమగలు ఒకే సంగతిని రెండు విధములుగ జ్ఞాపకముంచుకొనుట ప్రతి యింటను నున్నదే. ఈ పేరు నేడు ఎంత ప్రచారమైనదనగా, అమెరికాలోని మెరియమ్ వెబ్‌స్టరు నిఘంటువువారు 2022లో దీనినే ఆ సంవత్సరపు పదముగ నెన్నిరి. ప్రచారముతో పదును కొంత పోయినది. మాట కాదన్న ప్రతివానిమీదను ఈ పేరు విసరుచున్నారు. అది మాకు సమ్మతము గాదు.

భేద మెక్కడ నున్నదో చూతము. నిజాయితీగల భర్త “నాకట్లు జ్ఞాపకము లేదు, పోయి చూతము రమ్ము” అనును. అతడు వస్తువువైపు వ్రేలు చూపును. నిర్ణయమును తమ యిద్దరికిని వెలుపల నున్న నిజమునకు వదలివేయును. తాను పొరబడియుండు నవకాశమును మిగుల్చును. రెండవవాడు వ్రేలిని భార్యవైపు త్రిప్పును. పటమెక్కడ నున్నదన్నది వాని ప్రశ్న కాదు. నీవెట్టిదాన వన్నదే ప్రశ్న. అందుచేతనే వాడామెను ఇతరులను కలియనీయడు. పౌలాను చూడవచ్చిన పొరుగింటి ముసలమ్మను గుమ్మమునుండియే మరల్చుదురు. ఒకమారు పట్టుబట్టి సంగీతసభకు పోయినప్పుడు, తన గడియారము పోయినదని చెవిలో నూది, దానిని ఆమె సంచినుండియే తీసి, నలుగురిలో నామె భోరున ఏడ్చునట్లు చేయును. నిజము చెప్పువానికి సాక్షులనిన భయమెందుకు? తెలుపు తెలుపే యనువాడు కిటికీలు తెరచిపెట్టును. కిటికీలు మూయుచున్నాడా, తెరచుచున్నాడా యన్నదే, మాకు తోచినంతవరకు, తప్పని గుర్తు.

కథలోని పిచ్చిభయము ఉత్త కల్పన గాదు. ‘ది లాస్ట్ డేస్ ఆఫ్ పాంపే’ వ్రాసిన బుల్వర్ లిట్టను తనకు బహిరంగముగ నెదురుతిరిగిన భార్య రొసీనాను 1858లో ఉన్మాదుల గృహమున పెట్టించెను. పత్రికలు గగ్గోలుపెట్టుటచే మూడు వారములకు విడిపింపవలసివచ్చెను. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున 1851నాటి చట్టము, వివాహితను ఆసుపత్రిలో చేర్చుటకు, ఇతరుల విషయమున కావలసిన ఉన్మాదనిదర్శనము లేకయే, భర్త కోరిక చాలుననెను. ఆ చట్టముక్రింద ఎలిజబెత్ పాకర్డు అను నామెను మతాచార్యుడగు నామె భర్త 1860లో చేర్పించెను. భర్తతో మతసిద్ధాంతములలో భేదించుటయే ఆమె చేసిన యపరాధము. మూడేండ్ల పిదప వెలికి వచ్చి, 1864లో ఆమె జూరీయెదుట నిలిచినప్పుడు, మతిగలదని తేల్చుటకు వారికి ఏడు నిమిషములు పట్టినది. మూడేండ్లు, ఏడు నిమిషములు! ఇల్లు చేరునప్పటికి భర్త బిడ్డలను దీసికొని వేరు రాష్ట్రమునకు పోయియుండెను. అటుపిమ్మట ఆమె యూరకుండక చట్టమును మార్పించుటకు పాటుపడెను. వివాహితలను సైతము జూరీవిచారణ లేక బంధింపరాదని 1867లో ఆ రాష్ట్రమే శాసించెను.

మనదేశమునకు వత్తము. హిందూవివాహచట్టమున మతిభ్రమణము విడాకులకొక కారణముగ నున్నది. భార్యకు మానసికవ్యాధి గలదని యాడి విడాకులు కోరిన భర్త కేసులో 1988లో సుప్రీముకోర్టు, వ్యాధికొక పేరు తగిలించినంతమాత్రమున చాలదనియు, దాని తీవ్రత కలిసి కాపురము చేయరానంత యని రుజువు కావలెననియు తీర్పుచెప్పి అతని కోరికను త్రోసివేసెను. గృహహింసనుండి స్త్రీలను రక్షించు 2005నాటి చట్టము దెబ్బలనే గాక, మాటలచేతను మనస్సునకు కలిగించు పీడనుగూడ హింసగ లెక్కించినది. ఇంగ్లండువారు 2015లో ఇంకొక యడుగు వేసి, కుటుంబమున నొకరిని నిర్బంధించి వశము చేసికొను ప్రవర్తననే అయిదేండ్లవరకు కారాగారశిక్షార్హమైన నేరముగ శాసించిరి. ఇవి మంచివే. కాని న్యాయస్థానమునకు పోవలెనన్న ముందుగ “నాకు అన్యాయము జరుగుచున్నది” అని తనకు తాను చెప్పుకొనగలిగియుండవలెను. ఈ నేరము మొట్టమొదట చంపునది ఆ వాక్యమునే. చట్టము తలుపు తెరచి కూర్చున్నది. రావలసినయామెకు తనకు కాళ్లున్నవన్న నమ్మికయే లేదు.

అందుచేత చట్టమునకు ముందు సాక్షి కావలెను. పౌలా బ్రతికినదెట్లు? బ్రయన్ కామెరాన్ అను పోలీసు ఉద్యోగి యొకనాటిరాత్రి ఆమెతో మాటాడుచుండగా దీపము తగ్గును. తగ్గినదని అతడును అనును. అంతే! వైద్యము లేదు, ఉపదేశము లేదు. మీరును చూచితిరా యని అడుగుటలో బెర్గ్‌మన్ మొగమును చూచినవారు మరువలేరు. నేను చూచినది మరియొకడును చూచుటయే మనకందరకును లోకము నిజమని చెప్పు ఆధారము. అది యొక్కటి దొరకినంతనే ఆమె మనస్సు నిలుచుండినది.

ఆ యింట నింతకాలము సాక్షులు లేరా? వంటమనిషి ఎలిజబెత్తు ఉన్నది. ఆమెకు చెవి మందము. దాసిపిల్ల యున్నది, యజమానునితో నెకసక్కెములాడి, యజమానురాలిని తేలికగ జూచును. ఎలిజబెత్తు దుర్మార్గురాలు గాదు, దయగలది. అయినను ఒకచో కథ మమ్ము నులికిపడజేయును. కామెరాన్ వచ్చిపోయిన పిదప గ్రెగరీ తిరిగివచ్చి, తన బల్ల పగులగొట్టినదెవరని యడుగును. ఒక పెద్దమనిషి వచ్చెనని పౌలా చెప్పును. ఎలిజబెత్తును పిలిచి యడుగగా, యజమానురాలిని కాపాడుదునను తలంపుతో ఎవ్వరును రాలేదని చెప్పును. ఆ మాటతో అప్పుడప్పుడే నిలుచుండిన మనస్సు మరల కూలును; అదియు కలయే కాబోలునని పౌలా అనుకొనును. మంచియుద్దేశముతో నాడిన బొంకు ఆ భర్త నెలలతరబడి చేసిన పనిని ఒక్క క్షణమున పూర్తిచేసినది. మన యిండ్లలో అత్తలు, ఆడబిడ్డలు, పుట్టింటివారు సైతము సంసారము నిలువవలెనను సదుద్దేశముతో “ఏమియు జరుగలేదమ్మా, నీ భ్రమ” అని యెన్నిమారు లనుచుందురో లెక్కించిన వారెవరు?

ఈ సందర్భమున శకుంతల జ్ఞప్తికి వచ్చును. కాళిదాసు దుష్యంతునకు శాపమను సాకు కల్పించి కాపాడెను. భారతములోని దుష్యంతునకు శాపము లేదు. అతడెరిగియుండియే, నిన్నెరుగనని నిండుసభలో అనును. భార్య జ్ఞాపకమును భర్త బొంకుచేయుటకు ఇంతకంటె నిదర్శనము కావలెనా? కాని భారతములోని శకుంతల తన బుద్ధిని ఒక్క నిమిషమైనను శంకింపదు. ఎరిగియు నెరుగనట్లు పలుకుట నీకు తగునా యని రాజునే నిలదీసి ధర్మము బోధించును. ఆ ధైర్యమెక్కడిది? కణ్వాశ్రమమున ఆమె మాటకు విలువ యిచ్చి పెంచినవారిది. మరియు నామె ఇంకను ఆ రాజు కప్పుక్రింద ఒక్కనాడైన కాపురముండలేదు. తుదకు ఆకాశవాణి పలికిన పిదపనే రాజు ఒప్పుకొనెను. అక్కడ ఆకాశము సాక్ష్యము చెప్పినది. లండను ఇంటిలో చెవిటి ఎలిజబెత్తు చెప్పలేకపోయినది.

చిత్రపు చివరిఘట్టమును గూర్చి యొక మాట. గ్రెగరీని పట్టి అటకమీద కుర్చీకి కట్టివేసిన పిదప, అతనితో ఏకాంతముగ మాటాడవలెనని పౌలా కోరును. అతడు పూర్వపు తీయనిగొంతుతోనే, కత్తి తెచ్చి కట్లు కోయుమని వేడుకొనును. ఆమె కత్తి చేతబట్టుకొనియే, ఇది కత్తియేనా, నేను పిచ్చిదానను గదా, ఎక్కడనో పోగొట్టియుందును, మతిగలదాననైన నీకు సాయపడియుందును గదా యని అతని మాటలను అతనికే అప్పగించును. దీనిని కొందరు క్రౌర్యమందురు. భర్త దుష్టుడైనను భార్య యట్లు వెక్కిరింపదగునా యని కనుబొమలు ముడిచిన మిత్రులను మేమెరుగుదుము. మాకట్లు తోచదు. ఆమె అతని గాయపరుపలేదు, కట్టు బిగింపలేదు, అతని యెదుట పరీక్షించుకొన్నది తన్నే. కత్తి పోయినదని నోటితో ననుచున్నది. కత్తి తన చేతిలోనే యున్నదని ఆమెకు తెలియును. భర్తతో కాపురమునకు ఆ యింట అడుగిడిన నాటినుండి, అబద్ధము అబద్ధమని నిస్సంశయముగ నెరిగి ఆమె పలికిన మొదటిమాట అది. పలికి, గుమ్మమువైపు తిరిగి కామెరానును పిలిచి, ఈ మనిషిని తీసికొనిపొమ్మనును.